తువ్వాలు కింద పడవ

దమ్మపేట నుంచి మందలపల్లి వైపు పోయే రోడ్డు పక్కన ఒక ట్రాక్టర్ల షెడ్డు ఉంది. పామాయిల్ గెలలు నింపుకుని అప్పారావుపేట ఫ్యాక్టరీకి పోయే బండ్లు పొద్దంతా దాని ముందు నుంచే పోతుంటాయి. షెడ్డు పెద్దాయన కుర్రతనంలో కూనవరంలో లాంచీల మీద మెకానిక్‌గా చేశాడు. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు ఎక్కినప్పుడు ఆయన కూనవరం ఒడ్డునే ఉన్నాడు. లాంచీల కాలం పోయాక ట్రాక్టర్లకు మళ్లాడు. ఆయన అక్క కొడుకు చదువుకున్నవాడు, ఉద్యోగానికి పోకుండా పామాయిల్ తోట చూసుకుంటున్నాడు. మొన్న ఎండాకాలం ఒక సాయంత్రం వాళ్లిద్దరి మధ్య నడిచిన వాదన ఇది. నేను అక్కడే బెంచీ మీద కూర్చుని మొదటి నుంచీ విన్నాను. ఇద్దరూ నాకు కావలసినవాళ్లే. పేర్లు రాయడం లేదు, వరసలతోనే రాస్తున్నాను.

అల్లుడు: మామా, ఈ ఫోన్ ఒకసారి చూడు. ఇనుప లాంచీ. కాకినాడ వైపు ఒక సర్కారు ఆఫీసుది. వాడకుండా పక్కన పడేసి చాలా ఏళ్లయింది. సర్కారీ పాట 3 లక్షలు. కొత్తది కట్టిస్తే ఎంతవుతుందో నీకు తెలుసు. ముగ్గురం కలిసి తీసుకుంటాం. బాగు చేయించి పోచవరంలో పెడితే పేరంటాలపల్లి, కొల్లూరు వైపు పాపికొండల టూరిస్టులను తిప్పుకోవచ్చు. వచ్చే సోమవారం మూడింటికి ఆన్‌లైన్‌లో పాట.

మామ: చూశావా?

అల్లుడు: నాలుగు ఫొటోలు పెట్టారు.

మామ: ఫొటోల సంగతి కాదురా. పడవను చూశావా?

అల్లుడు: అంత దూరం ఎవరు పోతారు మామా? ఫొటోల్లో అన్నీ కనబడుతూనే ఉన్నాయి.

మామ: ఇందులో ముందు భాగం ఉంది, పైకప్పు ఉంది, స్టీరింగ్ ఉంది, పక్క నుంచి ఒకటి ఉంది. నీళ్ల కింద ఉండేది ఒక్కటీ లేదు. బర్రెను నీళ్లలో పెట్టి ఒడ్డున బేరమాడినట్టుంది నీ యవ్వారం.

అల్లుడు: ట్రాక్టర్ కొన్నప్పుడూ ఇట్లాగే అన్నావు. ఫైనాన్స్ వాళ్లు గుంజుకొచ్చి యార్డులో పెట్టిన బండి. చూడకుండానే ఆన్‌లైన్‌లో పాడాను. క్లచ్ ప్లేట్లు మార్చాం, వెనక టైర్లు వేశాం, అంతే. నీ చేతి మీదనే బాగైంది. ఇవాళ తోటలో గెలలు మోస్తోంది అదే కదా?

మామ: అదే. మంచి బేరమే, కాదనను.

అల్లుడు: మరి నేరుగా యార్డుకు పోయి పాడినవాళ్లకు ఏం మిగిలింది? నాన్న ఒకసారి బండి కోసం పోతే ఏమైందో గుర్తుందా? అక్కడ నలుగురు పాత వ్యాపారులు కుమ్మక్కయ్యారు. ముందే మాట్లాడుకుని, పాడకుండా ఉన్నందుకు ఒకరికొకరు గుడ్‌విల్ పంచుకున్నారు. మన ఊరి నుంచి పోయిన మనిషిని చూడగానే, నీకెందుకు పెద్దాయనా ఇంటికి పో అన్నారు. నాన్న చేయి ఎత్తితే వాళ్లు కావాలని ధర ఎక్కించారు. తిరిగొచ్చేశాడు. ఆన్‌లైన్‌లో నేను దమ్మపేటోణ్ణని ఎవడికి తెలుసు? నా వెనక ఎవరున్నారో, నా చొక్కా ఎట్లా ఉందో ఎవడు చూస్తాడు? ధరావతు కట్టినవాడు ఎవడైనా పాడొచ్చు. మనలాంటోళ్లకు ఈ తలుపు తెరుచుకుందే మొన్న మొన్న.

ఆ మాటకు పెద్దాయన జవాబు చెప్పలేదు. నా దగ్గరా జవాబు లేదు. బహిరంగ వేలాల్లో పల్లెటూరి మనిషికి జరిగే అవమానం నేనూ చూశాను. కుర్రవాడి పట్టుదల డబ్బు ఆశ ఒక్కటే కాదనీ, తండ్రి ఆ రోజు వట్టి చేతులతో తిరిగి రావడం కూడా అందులో ఉందనీ నాకు అప్పుడే అర్థమైంది.

మామ: నువ్వు చెప్పింది నిజం. ఇంకోటి చెప్తా విను. మా నాయన వెంట పశువుల సంతకు పోయేవాణ్ణి. అక్కడ బేరం తువ్వాలు కింద జరిగేది. దళారి చేతి మీద తువ్వాలు కప్పి, లోపల వేళ్లు పట్టుకుని ధర చెప్పేవాడు. పక్కవాడికి ధర తెలియదు. అందులో మోసం లేకపోలేదు. కానీ ఎద్దు మాత్రం కళ్ల ముందు నిలబడి ఉండేది. నోరు తెరిచి పళ్లు చూసేవాళ్లం, రెండు పళ్లదా నాలుగు పళ్లదా, కడపళ్లు పడ్డాయా అని. సుడులు చూసేవాళ్లం. నాలుగడుగులు నడిపించేవాళ్లం. ధర తువ్వాలు కింద, సరుకు ఎదురుగా. నీ ఫోన్‌లో ధర ఎదురుగా ఉంది, ఎవరు ఎంత పాడింది రూపాయితో సహా కనబడుతోంది. పడవే తువ్వాలు కిందికి పోయింది.

అల్లుడు: చూసి కొంటే మోసం ఉండదా మామా? పామాయిల్ మొక్కలు చూసే కదా తెచ్చాం. నర్సరీకి పోయి, ఆకు చూసి, మొదలు చూసి, నువ్వే ఎంచి ట్రాక్టర్‌లో వేయించావు. నాలుగో ఏడు వచ్చేసరికి ఏమైంది? పక్క చెట్లు గెలలు వేస్తుంటే కొన్ని చెట్లకు గెలే సరిగా రాలేదు. ఆఫ్ టైప్ అన్నారు. నాలుగేళ్లు నీళ్లు పెట్టాం, ఎరువు వేశాం. చూసి కొన్నందుకు దక్కింది ఏంది?

(ఈ దెబ్బ ఇక్కడి చాలామంది రైతులు తిన్నదే. ఆఫ్ టైప్ మొక్క చిన్నప్పుడు మంచి మొక్కలాగే ఉంటుంది. కాపుకొచ్చే దాకా బయటపడదు. కుర్రవాడు ఈ సంగతి తీస్తాడని నేను అనుకోలేదు.)

మామ: మొక్క లోపల ఏముందో చూసే సాధనం నా దగ్గర లేదు. అక్కడ నేను ఓడిపోయాను. పడవకు సాధనం ఉంది. ఇట్లా రా.

ఆయన లేచి షెడ్డు వెనక్కి నడిచాడు. పాత ట్రైలర్ ఒకటి గడ్డిలో పడి ఉంది. ఎవరో అమ్మకానికి తయారు చేసి నీలం రంగు వేయించారట, కొత్తదానిలా మెరుస్తోంది. పెద్దాయన జేబులోంచి చిన్న సుత్తి తీసి అంచు దగ్గర కొట్టాడు. ఖంగుమంది. ఒక్కో జానెడూ జరుపుకుంటూ కొట్టుకుంటూ పోయాడు. ఖంగు, ఖంగు, ఖంగు. మూల దగ్గరికి వచ్చేసరికి శబ్దం మారింది. తడి అట్టముక్కను కొట్టినట్టు మొద్దుగా వచ్చింది. రంగు మాత్రం అక్కడా అదే నీలం, చిన్న బొబ్బ కూడా లేదు. స్క్రూడ్రైవర్ మొనను అక్కడ ఆనించి అరచేత్తో నొక్కాడు. పిడి దాకా దిగింది. బయటికి లాగితే మొన వెంట ఎర్రటి పొడి రాలింది.

మామ: చూశావుగా? ఆ రంగును ఫొటో తీసి పెడితే నువ్వైనా నేనైనా ఏం కనిపెడతాం? ఇది ట్రైలర్ కాబట్టి గెల జారి రోడ్డు మీద పడుతుంది. పడవైతే ఆ కన్నంలోంచి నది లోపలికి వస్తుంది.

అల్లుడు: కన్నం ఉంటే పలక మార్చుకుంటాం. వెల్డింగ్ మనకు కొత్తా?

మామ: వెల్డింగ్ పట్టాలంటే చుట్టూ గట్టి ఇనుము ఉండాలి. పలచబడిన రేకు మీద అంటిస్తే పక్కన ఇంకో కన్నం పడుతుంది. పడవ అన్నిచోట్లా ఒకేలా అరగదు. నీటిగీత దగ్గర, ఒకపూట తడిసి ఒకపూట ఆరేచోట ఎక్కువ తింటుంది. అందులో నువ్వు చెప్పేది కాకినాడ వైపు పడవ, ఉప్పునీళ్లలో తిరిగింది. ఉప్పు ఇనుమును గుంటలు గుంటలుగా తింటుంది. వదిలేసిన పడవ పైనుంచి కూడా పోతుంది. వానలు పడతాయి, ఆ నీళ్లు అడుగున నిలబడతాయి, తోడేవాడు ఉండడు. కొయ్యపడవైతే ఆ వాననీళ్లకే కుళ్లిపోతుంది. ఎండలో పడేస్తే పలకలు ఎండి ఎడం పడతాయి. ఫైబర్‌దైతే పైకి గట్టిగానే ఉంటుంది, లోపలి చెక్క నీళ్లు పీల్చి మెత్తబడుతుంది. ఇంజన్ సంగతి అడగనే అడగకు. ఆయిల్ పుల్ల తీసి చూడాలి. ఆయిల్ పాలు కలిపిన కాఫీలా ఉంటే లోపలికి నీళ్లు పోయినట్టు. ఫ్లైవీల్‌ను చేత్తో తిప్పి చూడాలి, తిరుగుతోందా పట్టేసిందా అని. షాఫ్ట్ పడవలోంచి బయటికి పోయేచోట చేయి పెట్టి ఊపి చూడాలి. ఇవన్నీ ఒక పూట పని. ఫోన్‌లో ఎన్ని రోజులు చూసినా ఒక్కటీ తేలదు.

అల్లుడు: అందుకేగా 3 లక్షలకు వస్తోంది? బాగుంటే 30 లక్షలు చెప్పేవాళ్లు. దెబ్బతిని ఉంటుందని లెక్కేసుకునే తక్కువకు పాడతాం.

మామ: నువ్వొక్కడివే లెక్కేసుకుంటున్నావా? పదిమంది వేస్తారు. పదిమందీ చూడకుండానే వేస్తారు. ఒకడు దాన్ని తుక్కు అనుకుని తక్కువకు ఆగుతాడు. ఒకడు ఇంజన్ బాగుందనుకుని ఇంకాస్త పోతాడు. చివరికి పాట ఎవడికి దక్కుతుంది? అందరికంటే బాగుందని అనుకున్నవాడికి. అంటే అందరికంటే ఎక్కువ పొరబడినవాడికి. గెలిచావని మెసేజ్ వచ్చిందంటే, మిగతా తొమ్మండుగురూ అంత పెట్టమని వెనక్కి పోయారని అర్థం.

నేను పుస్తకాల్లో చదివింది ఆయన ట్రాక్టర్ల షెడ్డులో చెప్పాడు. సముద్రం అడుగున చమురు ఉందో లేదో తెలియకుండా బ్లాకుల కోసం పాడిన కంపెనీలు ఎందుకు నష్టపోతున్నాయని ముగ్గురు అమెరికా పెట్రోలియం ఇంజనీర్లు 1971లో ఒక వ్యాసం రాశారు. వాళ్లు తేల్చింది ఇదే. అంతకు ముందు ఏడు, 1970లో, జార్జి అకెర్లాఫ్ అనే ఆర్థికవేత్త పాత కార్ల సంత గురించి రాశాడు. అమ్మేవాడికి తెలిసిన సంగతి కొనేవాడికి తెలియని చోట మంచి సరుకు మెల్లగా సంత విడిచిపోతుందని చెప్పాడు. ఆయనకు 2001లో నోబెల్ వచ్చింది. కుర్రవాడు ఇవి చదువుకున్నవాడే. అయినా తగ్గలేదు. తగ్గకపోవడానికి అతను చెప్పిన కారణం తీసిపారేసేది కాదు.

అల్లుడు: సరే మామా, డబ్బు సంగతి పక్కన పెట్టు. 2024 సెప్టెంబర్ 1న విజయవాడలో ఏమైంది? కృష్ణకు 11 లక్షల క్యూసెక్కులు దాటి వరద వచ్చింది. ఒడ్డున కట్టేసిన ఇసుక పడవలు కొట్టుకొచ్చి ప్రకాశం బ్యారేజీ గేట్ల మీద పడ్డాయి. 67, 69, 70 గేట్ల దగ్గర కౌంటర్ వెయిట్లు పగిలాయి. ఆ పడవల్ని బయటికి తీయడానికి ఎన్ని రోజులు తంటాలు పడ్డారో టీవీలో మనమే చూశాం. ఆలనా పాలనా లేకుండా ఒడ్డున పడి ఉండే పడవ ఏ వరదకు ఎవరి మీద పడుతుందో తెలియదు. నాలాంటోడు కొని బాగు చేసుకుంటే తప్పేంది? మళ్లీ మన వైపు చూడు. 2022 జూలైలో భద్రాచలం దగ్గర 71.3 అడుగులు వచ్చింది. వేలేరుపాడు, కొయిదా వైపు జనం పడవ కోసం ఎదురు చూశారు. ఇంకో లాంచీ ఉంటే మంచిది కాదా?

మామ: బాగు చేసుకుంటే ఎవడు వద్దన్నాడు? నేను బతికిందే పాత లాంచీలు బాగు చేసి. పాత పడవ కొనడం తప్పని నేననలేదు. చూడకుండా కొనడం తప్పంటున్నా. మంచి లాంచీ ఉంటే జనానికి మంచిదే. జనం ఎక్కిన లాంచీ వరదలో చేతులెత్తేస్తే?

కాసేపు ఇద్దరూ మాట్లాడలేదు. తర్వాత పెద్దాయన నెమ్మదిగా చెప్పాడు.

మామ: 2019 సెప్టెంబర్ 15. ఆదివారం. గోదావరిలో కచ్చులూరు మందం దగ్గర రాయల్ వశిష్ట పడవ మునిగింది. 77 మంది ఎక్కారు, 26 మంది బతికి బయటపడ్డారు. మన వరంగల్ పక్క కడిపికొండ వాళ్లున్నారు అందులో. కాకినాడ నుంచి ధర్మాడి సత్యం మనుషులు వచ్చి లంగర్లు వేసి వెతికి, అక్టోబర్ 22న గానీ పడవను పైకి లాగలేకపోయారు. అన్ని రోజులూ ఒడ్డున కూర్చున్న అమ్మానాన్నలను తలుచుకో.

అల్లుడు: అది ఆన్‌లైన్‌లో కొన్న పడవ కాదు మామా. వరదలో నడిపారు. దాన్ని తెచ్చి నా మెడకు కట్టకు.

మామ: కట్టను. ఆ పడవ ఎందుకు మునిగిందో చెప్పడానికి తీయలేదు. గోదావరి ఏ రోజు ఎట్లా ఉంటుందో గుర్తు చేయడానికి తీశాను. మందం దగ్గర కొండలు దగ్గరకొస్తాయి, నీళ్లు సుడి తిరుగుతాయి. ఆ నాలుగు నిమిషాలు ఇంజన్ ఆగకూడదు, చుక్కాని మాట వినాలి, అడుగు గట్టిగా ఉండాలి. ట్రాక్టర్ చేలో ఆగితే దిగి నడుచుకుంటూ ఇంటికొచ్చావు. ఆ రోజు నీ బేరం చెడితే నీ డబ్బులే పోయేవి. లాంచీ చెడితే పోయేది టికెట్ కొనుక్కుని ఎక్కినవాడు. వాడు నీ పాటలో లేడు. నువ్వు 3 లక్షలకు కొన్నావో 30కి కొన్నావో వాడికి తెలియదు. పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకుని కొండలు చూస్తుంటాడు.

నేను పెద్దాయన పక్షమే. మిగతా వాదనలన్నీ అటూ ఇటూ తూగుతాయి. ఈ ఒక్కటి తూగదు. తన సొమ్ముతో ఎవరైనా తెగించవచ్చు. పడవ విషయంలో తెగింపు కొన్నవాడిది, ముప్పు ఎక్కినవాడిది.

అల్లుడు: సర్వే లేకుండా పడవ నడపనిస్తారా? 2021లో కొత్త చట్టం వచ్చింది, అంతర్దేశీయ జలయానాల చట్టం. 1917 నాటి పాత చట్టాన్ని తీసేశారు. రిజిస్ట్రేషన్ కావాలి, సర్వే సర్టిఫికెట్ కావాలి. ఒక రాష్ట్రంలో తీసుకుంటే ఇంకో రాష్ట్రంలోనూ చెల్లుతుంది. మనం తెలంగాణ, పోచవరం ఆంధ్ర అన్న బాధ కూడా లేదు. పడవ బాగాలేకపోతే సర్వేలోనే ఆపేస్తారు.

మామ: ఆపేస్తే నీ 3 లక్షలు ఏమవుతాయి? నువ్వు కొన్నాక చూసే సర్వేయర్ కంటే, కొనకముందు చూసే నీ కళ్లు నయం కాదా? ఆ నోటీసు పూర్తిగా చదువు. పైకి చదువు.

కుర్రవాడు చదివాడు. మామూలు షరతులే. ఎక్కడ ఉన్నది అక్కడే, ఎలా ఉన్నది అలాగే. సరుకు నాణ్యతకు అమ్మేవాళ్ల పూచీ లేదు. పాట దక్కి గడువులో డబ్బు కట్టకపోతే ధరావతు జప్తు. డబ్బు కట్టి గడువులో సరుకు తీసుకుపోకపోతే రోజుకింత నేల అద్దె. ఇట్లాంటి షరతులు దాదాపు ప్రతి వేలం నోటీసులోనూ ఉంటాయి, అందరూ టిక్కు పెట్టి ముందుకు పోతారు. సరుకు పేరు రాసిన గడి దగ్గర కుర్రవాడు ఆగిపోయాడు. అక్కడ లాంచీ అని ఊరికే లేదు. వాడుక నుంచి తీసేసిన ఇనుప లాంచీ, తుక్కు అని ఉంది.

మామ: తుక్కు కింద అమ్మినదాన్ని రేపు పడవని పేరు పెట్టి రిజిస్టర్ చేయమంటే ఒప్పుకుంటారా? పాత కాగితాలు ఇస్తారా? పాడకముందే అడగాల్సిన మాట. పాడాక అడిగితే షరతుల్లోనే ఉందిగా అంటారు. అన్నీ కుదిరాయనుకో. ఎట్లా తెస్తావు? మేం చేసే రోజుల్లో రాజమండ్రి నుంచి నీళ్ల మీదనే పైకి వచ్చేవాళ్లం. ఇప్పుడు పోలవరం అడ్డంగా ఉంది. కింది పడవ పైకి రావాలంటే లారీ ఎక్కాల్సిందే. అక్కడ ఎత్తడానికి ఒక క్రేను, ఇక్కడ దించడానికి ఒక క్రేను. పోచవరం రేవులోకి క్రేను దిగుతుందో లేదో కూడా చూడాలి. పడవ వెడల్పు లారీకి మించితే ఆ రోడ్ల మీద మలుపులెట్లా తిప్పుతావు? 3 లక్షలన్నావు. అది పడవ ధర కాదురా. తలుపు తీసినందుకు కట్టేది.

అల్లుడు: అంటే డబ్బున్నోళ్లు, ఊళ్లూళ్లు తిరిగి చూసుకునేవాళ్లే కొనాలన్నమాట. మనం ఫోన్‌లో చూసి వదిలేయాలి. నాన్న తిరిగొచ్చినట్టు తిరిగి రావాలి.

ఈసారి పెద్దాయన వెంటనే పలికాడు. గొంతులో కోపం లేదు.

మామ: మీ నాన్నను వెళ్లగొట్టింది మనుషులు. ఆ మనుషులు ఫోన్‌లో లేరు, మంచిదే. సోమవారం మూడింటికి నువ్వు ఇంట్లో కూర్చుని పాడు, ఎవడూ నిన్ను పొమ్మనడు. దాని ముందు ఒక రోజు పడవ దగ్గరికి పోయి రమ్మంటున్నా. నోటీసు ఇంకా కిందికి చదువు.

కింద రెండు తేదీలున్నాయి. గురు, శుక్రవారాలు, ఉదయం పది నుంచి సాయంత్రం నాలుగు దాకా, ఆధార్ కార్డుతో వచ్చినవాళ్లు సరుకు చూసుకోవచ్చు. పాడినవాళ్లు అందరూ చూసుకునే పాడినట్టు లెక్క అని దాని కిందనే మరో వాక్యం ఉంది. కుర్రవాడు రెండుసార్లు చదివాడు.

అల్లుడు: నువ్వొస్తావా?

మామ: రాకపోతే సుత్తి ఎవడు పడతాడు?

శుక్రవారం తెల్లవారుజామున ఇద్దరూ బయల్దేరారు. అశ్వారావుపేట, జంగారెడ్డిగూడెం మీదుగా రాజమండ్రి, అక్కణ్నుంచి కాకినాడ. సంచిలో సుత్తి, స్క్రూడ్రైవర్, టార్చిలైట్, చేయి తుడుచుకునే పాత గుడ్డ, మధ్యాహ్నానికి పులిహోర. నోటీసు ప్రింటు మీద అడగాల్సిన మాటలు కుర్రవాడు పెన్నుతో రాసుకున్నాడు. మొదటిది, పాత రిజిస్ట్రేషన్ కాగితాలు ఇస్తారా అని.

పాపికొండలకు పోయేవాళ్లకు నా మనవి. పోచవరంలో ఎక్కినా, గండిపోశమ్మ దగ్గర ఎక్కినా, టికెట్ తీసుకునేటప్పుడు ఆ పడవ సర్వే ఎప్పుడు జరిగింది, ఎంతమందికి అనుమతి ఉంది అని ఒక్క మాట అడగండి. చెప్పకపోతే ఎక్కకండి.